యురేనియం ఎప్పుడు వెళ్లిపోయింది?

దిగువ భూపటలం గురించి ఒక్క మాటలో చెప్పమని జియాలజీ చదివినవాళ్లను ఎవరినైనా అడగండి, దాదాపు అందరూ ఇదే చెబుతారు: అక్కడ యురేనియం తక్కువ, కాబట్టి అక్కడి సీసం ఎదగకుండా పాతకాలం సీసంలాగే ఉండిపోతుంది. నా అభ్యంతరం ఆ "కాబట్టి" మీద. ఒక రాయిలో యురేనియం ఇప్పుడు ఎంత ఉంది అన్నది ఒక ప్రశ్న. అది ఎప్పుడు తగ్గింది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. సీసం ఐసోటోపులకు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల రకాలకు) నిజంగా బలం ఉన్నది ఈ రెండో ప్రశ్న దగ్గరే. ఆ తేడాను పక్కన పెట్టి, ఒకటి రెండు చోట్ల దొరికిన విలువలను తెచ్చి ఖండాల అడుగు మొత్తానికి అంటగట్టడం నాకు అస్సలు నచ్చదు. ఎందుకు నచ్చదో వివరంగానే రాస్తాను, ఎందుకంటే దీనికి జవాబు చెప్పగల రాళ్లు కొన్ని విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నిలబడితే కనిపించేంత దగ్గర్లో ఉన్నాయి.

ముందు లెక్క. సీసానికి నాలుగు స్థిరమైన ఐసోటోపులు. 204 అనేది భూమి పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే, రేడియోధార్మికత వల్ల అది కొత్తగా పుట్టదు. మిగతా మూడూ పెరుగుతూ ఉంటాయి, సీసం ఎదగడం అంటే ఇదే. యురేనియం-238 నుంచి సీసం-206 వస్తుంది, దాని అర్ధాయుష్షు సుమారు 447 కోట్ల ఏళ్లు. యురేనియం-235 నుంచి 207 వస్తుంది, ఇది తొందరగా కరిగిపోయేది, అర్ధాయుష్షు 70 కోట్ల ఏళ్లే. థోరియం-232 నుంచి 208, దానికి 1,400 కోట్ల ఏళ్లు, అంటే విశ్వం వయసంత. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే యురేనియం అసలు, సీసం వడ్డీ. మధ్యలో ఎవరైనా అసలు తీసుకుపోతే అప్పటిదాకా చేరిన వడ్డీ అలాగే ఉంటుంది, కొత్త వడ్డీ ఆగిపోతుంది. అంటే ఇవాళ చేతిలో ఉన్న మొత్తాన్ని బట్టి అసలు ఏ సంవత్సరం తీశారో వెనక్కి లెక్క కట్టొచ్చు.

ఇప్పుడు దీన్నే అంకెల్లో చూద్దాం. స్టేసీ, క్రామర్స్ 1975లో ఇచ్చిన నమూనా ఇప్పటికీ అందరూ వాడే సాధనం. దాని ప్రకారం భూమి మీద సగటు సీసంలో 206/204 నిష్పత్తి 370 కోట్ల ఏళ్ల కిందట 11.15, ఇవాళ సుమారు 18.7. ఒక రాయి ఈ దారిలోనే నడుస్తూ వచ్చి, ఒకానొక రోజు లోతుల్లో వేడికి తన యురేనియంలో పదింట తొమ్మిది వంతులు పోగొట్టుకుందనుకోండి. ఆ రోజు 270 కోట్ల ఏళ్ల కిందటిదైతే, ఇవాళ దాని విలువ 14.1 దగ్గర ఉంటుంది. అదే నష్టం 100 కోట్ల ఏళ్ల కిందట జరిగితే 17.2. కేరళలో ఖోండలైట్ అనే రాయి పరుచుకున్న ప్రాంతంలో రాళ్లు బాగా వేడెక్కిన కాలం, అంటే 55 కోట్ల ఏళ్ల కిందట జరిగితే 17.9. మూడు రాళ్లలోనూ పోయిన యురేనియం వంతు ఒకటే, మిగిలినదీ ఒకటే. అయినా మొదటిది ఎక్కడో వెనక ఆగిపోయింది, మూడోది పైన మామూలు రాళ్ల పక్కకు వచ్చి కూర్చుంది. వీటన్నిటినీ "దిగువ పటలపు సీసం" అని ఒకే పేరుతో పిలిస్తే ఆ పేరుకు అర్థం ఏముంటుంది?

ఈ పేరు ఎలా స్థిరపడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఉన్నది చాలా గొప్ప పని. స్కాట్లండ్ వాయవ్య తీరంలో లూయిసియన్ అనే పాత శిలల సమూహం ఉంది. 1969లో స్టీఫెన్ మూర్‌బాత్, ఆయన సహచరులు అక్కడి గ్రాన్యులైట్లలో, అంటే లోతుల్లో తీవ్రమైన వేడికి మారిపోయిన రాళ్లలో, సీసం కొలిచారు. 206/204 విలువలు 14, 15 చుట్టూ వచ్చాయి. అలాంటి విలువ రావాలంటే ఆ రాళ్లు సుమారు 290 కోట్ల ఏళ్ల కిందట తయారైన కొద్ది కాలానికే యురేనియాన్ని వదిలేసి ఉండాలి, వేరే దారి లేదు. లోతుల్లో 700, 800 డిగ్రీలు దాటిన వేడిలో నీళ్లున్న ఖనిజాలు విరిగిపోతాయి, వాటిలోంచి వచ్చిన ద్రవాలూ, కొద్దిగా కరిగిన శిలాద్రవమూ పైకి పోతూ పోతూ ఖనిజ రేణువుల అంచుల్లో కూర్చున్న యురేనియాన్ని తమతో లాక్కెళ్తాయి. థోరియం అంత సులభంగా కదలదు. అందుకే గ్రాన్యులైట్లలో చాలాసార్లు 206 వెనకబడి ఉన్నా, దానితో పోలిస్తే 208 మాత్రం ముందుకు పోయి ఉంటుంది. ఆ జంట గుర్తు కనిపించిందంటే ఆ రాయి ఒకప్పుడు లోతుల్లో మగ్గిందని గట్టిగా అనుమానించొచ్చు.

ఆ థోరియం సంగతి మన తీరంలో ఉన్నవాళ్లకు వేరే రూపంలో తెలుసు. భీమిలి ఇసుకలో నల్లగా మెరిసే పొరల్లో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్‌లతో పాటు థోరియం నిండిన మోనజైట్ కూడా ఉంటుంది. అవన్నీ తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ అరిగి అరిగి వచ్చినవి. అంత వేడిలో అంతకాలం ఉడికిన రాళ్లలో కూడా థోరియం ఒక ఖనిజంలో గట్టిగా కూర్చుని మిగిలిందనడానికి ఇంతకంటే కళ్లెదుటి రుజువు నాకు తోచదు.

స్కాట్లండ్ ఫలితంతో అసలైన ఆశ ఇంకోచోట పుట్టింది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లో కాన్యన్ డయాబ్లో ఉల్కతో సహా ఉల్కల సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. (మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది, ఆ పెట్రోలు ప్రపంచాన్ని ఎంత మలినం చేసిందో గట్టిగా చెప్పినవాడూ ఇతనే. గాలిలో, నీళ్లలో, సొంత ల్యాబు దుమ్ములో ఉన్న సీసాన్ని వడకట్టకపోతే రాయిలోని సీసం కొలవలేనని గ్రహించి దుమ్ము చొరని గది కట్టుకున్నాడు. ఇవాళ్టికీ ఈ పనికి అదే మొదటి షరతు.) 206/204ను అడ్డంగా, 207/204ను నిలువుగా పెట్టిన గ్రాఫులో ఆ వయసుకు ఒక గీత గీస్తే, భూమి మొత్తం సీసపు సగటు ఆ గీత మీదే పడాలి. తీరా చూస్తే సముద్రపు అడుగు బసాల్టులు, ఖండాల పైపొర, రెండూ గీతకు కుడివైపునే పడుతున్నాయి, అంటే రెండింటిలోనూ సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువ ఎదిగి ఉంది. సగటు కుదరాలంటే ఎదగని సీసం ఎక్కడో ఒకచోట బోలెడంత దాగి ఉండాలి. దీన్నే సీసపు పారడాక్స్ అంటారు. లూయిసియన్ రాళ్లు సరిగ్గా ఎదగని సీసంతోనే ఉన్నాయి కదా, ఇంకేం, దాక్కున్నది ఖండాల అడుగునే అని చాలామంది అనుకున్నారు. ఊహ అందంగానే ఉంది. అది నిలవాలంటే అడుగు పటలం అంతటా యురేనియం చాలా పాతకాలంలోనే పోయి ఉండాలి, తర్వాత కొత్త సరుకు ఏదీ వచ్చి చేరకుండా ఉండాలి. ఈ రెండు షరతుల్లో ఏదీ నిజం కాదని నా వాదన.

ఇక తూర్పు కనుమలకు వస్తాను. సింహాచలం కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, ఇవన్నీ ఖోండలైట్. ఒడిశా కొండల్లోని ఖోండుల పేరు మీద టి.ఎల్. వాకర్ 1902లో ఈ పేరు పెట్టాడు. దీనికి తోడు చార్నొకైట్, ముదురు నీలి ఆకుపచ్చగా జిడ్డు మెరుపుతో ఉండే రాయి, అనకాపల్లి వైపు కంకర క్వారీల్లో పగలగొడుతున్నప్పుడు కొత్త ముఖం మీద ఆ రంగు ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. అనకాపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల రాళ్లలోని ఖనిజాలు 900 డిగ్రీలు దాటిన వేడిని, 25, 30 కిలోమీటర్ల లోతు ఒత్తిడిని చెబుతున్నాయి. ప్రపంచంలో అంత వేడి చూసిన భూపటలపు ముక్కలు కొద్దిచోట్లే ఉన్నాయి. ఆ వేడి ప్రధానంగా సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పుడు ఈ నేల తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతాన్ని ఆనుకుని ఉండేది, బంగాళాఖాతం అనేదే లేదు.

ఇక్కడ నన్ను ఆపేసే సంగతి ఒకటుంది. ఖోండలైట్ పుట్టుకతో లోతు రాయి కాదు. అది ఒకప్పటి బంకమట్టి. ఎక్కడో పాత ఖండాలు అరిగి, నదులు మోసుకొచ్చి, సముద్రంలో పేర్చిన మట్టి. అందులో ఉన్న గ్రాఫైట్ చాలావరకు ఆ మట్టితో పాటు పూడుకుపోయిన జీవపదార్థం మిగిల్చిన కార్బనే. ఆ మట్టి ముప్పై కిలోమీటర్ల కిందకు పోయి, ఉడికి, మళ్లీ పైకొచ్చి ఇవాళ గుడికి పునాది అయింది. మరి దాని సీసం ఎవరి చరిత్ర చెబుతుంది? చాలాభాగం ఆ మట్టి ఏ కొండల నుంచి వచ్చిందో ఆ కొండల చరిత్ర. అది లోతుకు దిగక ముందు వంద కోట్ల ఏళ్లకు పైగా పైపొర రాళ్లలో, యురేనియం పుష్కలంగా ఉన్నచోట, పెరుగుతూ వచ్చిన సీసం. చివర్లో యురేనియం పోయినా అప్పటికే చేరింది ఎక్కడికీ పోదు. కాబట్టి అడుగు పటలంలో పైపొర సీసం కూడా ఉంటుంది, ఉండి తీరాలి, ఖండాలు ఢీకొన్న ప్రతిచోటా పైన ఉన్న మట్టి కిందకు పోతూనే ఉంది మరి. స్కూల్లో పైన సియాల్, కింద సిమా అని గీతలు గీసి నేర్పిన బొమ్మ మన బుర్రల్లో ఎంత గట్టిగా కూర్చుందంటే, పైదంతా పైన, కిందదంతా కింద ఎప్పటినుంచో అలాగే ఉన్నాయని మనకు తెలియకుండానే నమ్మేస్తున్నాం.

2001లో కారెన్ రికర్స్, క్లాస్ మెజ్గర్, మైకేల్ రైత్ ఈ తూర్పు కనుమల రాళ్లనే నియోడిమియం, స్ట్రాన్షియం, సీసం ఐసోటోపులతో పరిశీలించి, ఈ మొత్తం పట్టీ ఒకే ముక్క కాదని, వేర్వేరు వయసుల, వేర్వేరు పూర్వచరిత్రల భూభాగాలు అతుక్కుని ఏర్పడిందని చూపించారు. ఒడిశాలోని జైపూర్ వైపు పడమటి అంచులో పదార్థం 300 కోట్ల ఏళ్లు దాటినది, గోదావరికి దక్షిణాన ఒంగోలు వైపు దానికంటే చాలా చిన్నది. ఒకే కొండల వరుస, చూడటానికి ఒకే రకం రాళ్లు, మ్యాపులో ఒకే రంగు. సీసం మాత్రం ఒక్కో ముక్కకు ఒక్కో కథ చెప్పింది. ఒక్క తూర్పు కనుమల్లోనే ఇన్ని కథలుంటే, ప్రపంచంలోని ఖండాలన్నిటి అడుగుకు ఒక సగటు సంఖ్య రాసి, దాంతో పారడాక్స్ తీరిపోయిందనడం ఎంత తొందరపాటో మీరే చూడండి.

ఇంకో మాట కూడా ఉంది, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. వైజాగ్ కొండలు ఒకప్పుడు ముప్పై కిలోమీటర్ల లోతున ఉన్నాయి సరే. ఇవాళ వాటి కింద ఏముంది? ఇంకా 35, 40 కిలోమీటర్ల భూపటలం ఉంది! అంటే అవి కింద మగ్గుతున్న కాలంలో అక్కడ భూపటలం మామూలుకు రెట్టింపు మందంగా ఉండి ఉండాలి, లేదంటే తర్వాత కింది నుంచి కొత్త పదార్థం వచ్చి చేరి ఉండాలి. ఏ రకంగా చూసినా మనం చేత్తో తాకుతున్నది ఇవాళ్టి అడుగు కాదు. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు కావలి నుంచి ఉడిపి దాకా, సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో, భూమిలోకి ప్రకంపనలు పంపి లోతు సీస్మిక్ సర్వే చేశారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. దాంతో భూపటలం ఎంత మందమో, లోపల పొరలు ఎలా వంగాయో తెలిసింది. అయితే సీస్మిక్ తరంగం చెప్పేది ఇప్పటి స్థితి. అక్కడున్న రాయి నిన్నటిదా 250 కోట్ల ఏళ్లనాటిదా అని దాన్ని అడిగి లాభం లేదు. మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం, రష్యాలోని కోలా బోరు, 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి ఇవాళ్టి అడుగును చూడాలంటే మిగిలింది అగ్నిపర్వతాలే. అవి పైకి వస్తూ దారిలో విరిచి తెచ్చే రాతి ముక్కలను జెనోలిత్‌లు అంటారు.

రాబర్టా రడ్నిక్, స్టీవెన్ గోల్డ్‌స్టీన్ 1990లో చేసిన పని ఇదే. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని చడ్లీ, మెక్‌బ్రైడ్ అగ్నిపర్వత ప్రాంతాల నుంచి, ఆఫ్రికాలోని లెసోతో కింబర్లైట్ల (చాలా లోతు నుంచి పైకి చీల్చుకొచ్చే అగ్నిశిలల) నుంచి వచ్చిన గ్రాన్యులైట్ ముక్కల్లో సీసం కొలిచారు. లూయిసియన్‌లాగా అన్నీ వెనకబడి ఉంటాయని ఎదురుచూసినవాళ్లకు అది నిరాశే. విలువలు చాలా విస్తారంగా పరుచుకున్నాయి, చాలావాటిలో సీసం బాగా ఎదిగే ఉంది. కారణం మరీ అంతుచిక్కనిదేం కాదు. భూపటలం కింద ఉండే మాంటిల్ పొర నుంచి వచ్చే బసాల్ట్ ద్రవం అంతా పైకి రాదు, బోలెడంత భూపటలం అడుగున చొచ్చుకుని అక్కడే గడ్డకడుతుంది. వచ్చేటప్పుడు మాంటిల్ సీసాన్ని వెంట తెస్తుంది, పక్కనున్న పాత రాళ్ల సీసాన్ని కొంత కలుపుకుంటుంది. ఆ అడుగు వయసులో చిన్నది. అక్కడ యురేనియం తక్కువే, కానీ తక్కువై ఎంతో కాలం కాలేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. అగ్నిపర్వతం ఉన్నచోటనే జెనోలిత్ దొరుకుతుంది, అగ్నిపర్వతం ఉందంటేనే అక్కడ అడుగున బసాల్ట్ చేరుతోందని అర్థం, కాబట్టి జెనోలిత్‌లు సహజంగానే కొత్త సరుకు వైపు మొగ్గు చూపిస్తాయి. పైగా ముక్కలో సీసం తక్కువ, మోసుకొచ్చిన లావాలోది పగుళ్లలోంచి ఇంకి కొలతను చెడగొట్టే ప్రమాదం ఉంది. రెండూ నిజమే. అందుకే నేను జెనోలిత్‌లదే సరైన బొమ్మ అనడం లేదు. పైకి తేలిన పాత గ్రాన్యులైట్ నేలలు పాతదాని వైపు మొగ్గితే, జెనోలిత్‌లు కొత్తదాని వైపు మొగ్గుతాయి. అసలు అడుగు ఈ రెండింటి మిశ్రమం, ఖండానికో పాళ్లలో. నా తగాదా అంతా ఒకదాన్నే పట్టుకుని రెండోదాన్ని లేనట్టు చూడటంతోనే.

మూడో రకం సాక్ష్యం నాకు ఎంతో ఇష్టం. స్కాట్లండ్‌లోనే స్కై అనే ద్వీపం ఉంది, అక్కడి అగ్నిశిలల వయసు సుమారు 6 కోట్ల ఏళ్లు, అంటే మన దక్కన్ లావాల కంటే కొంచెం చిన్నవి. మూర్‌బాత్, వెల్కే వాటిలో సీసం కొలిస్తే ఆ విలువలు ఒక గీత మీద పడ్డాయి, ఆ గీత వాలు దాదాపు 290 కోట్ల ఏళ్లను సూచించింది! 6 కోట్ల ఏళ్ల రాయికి 290 కోట్ల వయసు ఎలా వస్తుంది? పైకి వస్తూ వస్తూ ఆ శిలాద్రవం కింద ఉన్న లూయిసియన్ రాళ్లను కొంత కరిగించుకుంది, వాటి సీసాన్ని తనలో కలుపుకుంది, ఆ వాలు ఆ పాత రాళ్లది. 207 ఇక్కడ కీలకం. 270 కోట్ల ఏళ్ల కిందట యురేనియం-238 ఇప్పటికంటే ఒకటిన్నర రెట్లే ఎక్కువ, 235 మాత్రం సుమారు 14 రెట్లు ఎక్కువ. కాబట్టి 207 చాలావరకు భూమి చిన్నతనంలోనే పుట్టేసింది, దాని విలువలో కనిపించే తేడాలు చాలా పాత సంఘటనలవి, తర్వాత ఎంత జరిగినా అవి అంత సులభంగా చెరిగిపోవు. ఎవరూ చూడలేని లోతులో ఆ పాత నేల ఇంకా ఉందని పైన చల్లారిన లావా సాక్ష్యం చెప్పడం, అదీ ఇంత స్పష్టంగా చెప్పడం, నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

మరి పారడాక్స్ మాటేమిటి అంటారా. రడ్నిక్, గావ్ 2003లో వేసిన సగటుల ప్రకారం దిగువ పటలంలో సీసం పది లక్షల్లో 4 పాళ్లు, యురేనియం 0.2. పైపొరలో సీసం 17, యురేనియం 2.7. అడుగున యురేనియం, సీసం నిష్పత్తి పైదాంట్లో మూడో వంతుకు అటూ ఇటూ. సీసం మొత్తమూ తక్కువ, లోటేమో భూమంతటిది. కొంత భాగం ఇక్కడ దాగి ఉండొచ్చు, అంతా దాగి ఉండటం కుదరదు. నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించే వివరణ ఇంకొకటి. భూమి కేంద్రం ఒక్కరోజులో ఏర్పడలేదు, ఇనుముతో, గంధకంతో పాటు సీసం కొంత ఆలస్యంగా కిందకు జారిపోయి ఉంటే సీసపు గడియారం మొదలైన సమయమే మారుతుంది, మనం గీసుకున్న గీత చోటూ మారుతుంది. అప్పుడు వెతకాల్సిన దొంగసొత్తు చాలావరకు లేనట్టే.

నేను కోరుకునే పని ఒకటుంది. అనంతపురం జిల్లా వజ్రకరూర్, కళ్యాణదుర్గం వైపు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట పైకి వచ్చాయి, ఎక్లోజైట్ లాంటి లోతు ముక్కలను తెచ్చాయి. ఆ రకం కింబర్లైట్ గొట్టాల్లో దొరికే గ్రాన్యులైట్ ముక్కల ఫెల్డ్‌స్పార్‌లో సీసం జాగ్రత్తగా కొలవాలి. ఫెల్డ్‌స్పార్‌లోకి యురేనియం దాదాపుగా చేరదు, సీసం చేరుతుంది, అందువల్ల పైకొచ్చి చల్లారిన రోజు సీసాన్ని అది అలాగే దాచి ఉంచుతుంది. ఈ కింబర్లైట్లు చీల్చుకొచ్చింది ధార్వార్ అనే పాత ఖండపు ముక్కను, దాని దక్షిణ భాగంలో రాళ్లు గ్రాన్యులైట్‌గా మారింది ముఖ్యంగా 250 కోట్ల ఏళ్ల కిందట. యురేనియం అప్పుడే, పైన చెప్పిన పాళ్లలోనే, వెళ్లిపోయి ఉంటే ఆ ఫెల్డ్‌స్పార్‌లో 206/204 విలువ 14.4 దగ్గర రావాలి, వెళ్లకుండా కింబర్లైట్ వచ్చేదాకా అక్కడే ఉండి ఉంటే 16.9 దగ్గర రావాలి. 14.4 వస్తే కనీసం ధార్వార్ అడుగు విషయంలో పాతవాళ్ల మాటే నెగ్గినట్టు, నేను ఒప్పుకుంటాను. 16 దాటితే ఆ అడుగు మనం అనుకున్నంత పాతది కాదు, లేదా అనుకున్నంత ఎండిపోలేదు. ఆ రెండు అంకెల మధ్య తేడా రెండున్నర, ఐసోటోపులను విడదీసి కొలిచే ఇవాళ్టి మాస్ స్పెక్ట్రోమీటర్లు రెండో దశాంశాన్ని కూడా విడమరిచి చెబుతాయి.